ఏడో పేరు

1945లో అమెరికా వారి 'సైన్స్' పత్రికలో ఒక పొట్టి వ్యాసం వెలువడింది. అంతవరకు కాలేయం నుంచి కొద్దికొద్దిగా తీయవలసి వస్తున్న ఒక విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయగలిగామని అందులో ప్రకటించారు. ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇస్తున్న ఫోలిక్ యాసిడ్ అదే. వ్యాసం పైన 16 మంది రచయితల పేర్లున్నాయి. మొదటి ఎనిమిది పేర్లు ఇంగ్లిషు అక్షర క్రమంలో సాగి, తర్వాతి ఎనిమిది మళ్లీ మొదటి నుంచి అక్షర క్రమంలో నడుస్తాయి. ఆ తొలి ఎనిమిదిలో ఏడో పేరు వై. సుబ్బారావుది. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి ఆయనే డైరెక్టర్. పరిశోధన ఎటు నడవాలో చెప్పింది ఆయనే. అయినా అక్షరమాలలో తన పేరు ఎక్కడ పడితే అక్కడే నిలబడ్డారు. తర్వాతి కాలంలో ఆ వ్యాసాన్ని ప్రస్తావించిన వారందరూ మొదటి రచయిత పేరు పెట్టి 'యాంజియర్, తదితరులు' అని రాశారు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు ఆ 'తదితరుల్లో' ఒకరయ్యారు.

ఇప్పుడు ఒక వైద్య పరిశోధకుడి గురించి ఆరా తీస్తే మొదట వినిపించేది ఆయన ఏం కనుక్కున్నాడన్నది కాదు. పేపర్లెన్ని, సైటేషన్లెన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అన్న ప్రశ్నలు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ అయోనిడిస్ బృందం ప్రపంచంలోని తొలి 2 శాతం శాస్త్రవేత్తల జాబితా విడుదల చేసిందంటే మన విశ్వవిద్యాలయాల గేట్ల దగ్గర ఫ్లెక్సీలు లేస్తాయి, జిల్లా పేజీల్లో ఫొటోలు వస్తాయి. ఆ సంతోషాన్ని తప్పుపట్టే పని లేదు. సైటేషన్ అంటే, నా పని ఫలానా వారి పని మీద నిలబడిందని ఒక పరిశోధకుడు కాగితం మీద ఒప్పుకోవడం. వేలమంది అలా ఒప్పుకున్నారంటే అది గౌరవమే. మనల్ని ఆలోచింపజేయవలసింది ఆ గౌరవం ఎవరి ఖాతాలో జమ అవుతోంది, ఎవరి ఖాతాకు చేరకుండానే పోతోంది అన్న సంగతి. సుబ్బారావు జీవితం ఈ విషయంలో మనకు చాలా చెబుతుంది.

ఆయన పేరు మీద అన్నిటికంటే ఎక్కువగా ఉదహరింపబడిన వ్యాసం 1925 నాటిది. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రచురించారు. రక్తంలో, మూత్రంలో, కండలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి లెక్కకట్టే పద్ధతి అది. మన బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారో మెథడ్‌గా పరిచయమే. ప్రాక్టికల్స్‌లో సీరంకు ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ కలిపితే ప్రొటీన్లు తెల్లగా విరిగి అడుగుకు దిగుతాయి. వడగట్టిన తేట ద్రవంలో ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్ పోస్తారు. అప్పటికి రంగేమీ రాదు. ఆ పైన నాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లానికి సంబంధించిన రీయేజెంట్ కొద్దిగా వేస్తే, చూస్తుండగానే నీలం తేలుతుంది. భాస్వరం ఎక్కువ ఉంటే ముదురు నీలం, తక్కువ ఉంటే లేత నీలం. కొన్ని నిమిషాలు ఆగి కలరీమీటర్‌లో చూస్తారు. 1925లో అయితే తెలిసిన ప్రమాణ ద్రావణాన్ని పక్కన పెట్టి, రెండు నీలాలు ఒకటయ్యేదాకా కంటితోనే సరిచూసేవారు.

అంతకు ముందు కూడా ఇటువంటి పద్ధతులు ఉండేవి. కాని రంగు నిలకడగా ఉండేది కాదు, వేరే పదార్థాలు అడ్డుపడేవి. ఫిస్కే, సుబ్బారావు సరైన రీయేజెంట్ పట్టుకోవడంతో పని సులువైంది, నమ్మకం కుదిరింది. ఆ పద్ధతే వారికి మరో దారి చూపింది. కండ నుంచి తీసిన ద్రవంతో ప్రయోగం చేస్తుంటే నీలం రావలసినంత త్వరగా రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. ఇంకొకరైతే రీయేజెంట్ పాడైందని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారేమో. వారిద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతున్న ఒక సమ్మేళనం కండలో ఉందని తేలింది. ఫాస్ఫోక్రియేటిన్ అన్న ఆ పదార్థాన్ని గురించి 1927లో వెల్లడించారు. 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని వేరుగా కనుక్కున్నాడు. కండ కదలడానికి కావలసిన శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఈ పనుల నుంచే రూపు కట్టింది.

ఇంతటి పనిలో లోకం ఎక్కువగా ఉదహరించింది కొలిచే పద్ధతిని. దీనిలో ఆశ్చర్యమేమీ లేదు. 2014లో 'నేచర్' పత్రిక అప్పటివరకు అత్యధికంగా ఉదహరింపబడిన 100 వ్యాసాల జాబితా వేసినప్పుడు, అగ్రస్థానంలో నిలిచింది ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి మీద 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసిన వ్యాసం. దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు. ఆ వరసలో రెండు, మూడు స్థానాలూ ప్రొటీన్ పద్ధతులవే. డీఎన్ఏ జంట సర్పిలం గురించి చెప్పిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసం ఆ నూరింటిలో లేదు. లౌరీ సైతం తన వ్యాసం అంత గొప్పదేమీ కాదని, దానికి వచ్చిన స్పందన మాత్రం సంతోషపెడుతోందని చెప్పుకున్నాడు. చిత్రమేమిటంటే 1930ల చివర్లో లౌరీ పనిచేసింది కూడా సుబ్బారావు పనిచేసిన హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలోనే. ఆ విభాగాన్ని అంతకుముందు చాలాకాలం నడిపిన ఆటో ఫోలిన్ రంగును బట్టి రక్తాన్ని పరీక్షించే విద్యలో పేరుమోసినవాడు. లౌరీ పద్ధతిలో వాడే రీయేజెంట్ ఫోలిన్ పేరు మీదిదే. సైటేషన్ల లెక్కలో పైకి వచ్చిన ఫిస్కే-సుబ్బారావుల వ్యాసానికీ లౌరీ వ్యాసానికీ ఆ విభాగం ఒరవడే మూలం.

పద్ధతిని తక్కువ చేసి చూడవలసిన పని లేదు. కొలవడం చేతకాని చోట జీవరసాయనం ముందుకు సాగదు. కాని ఏ వ్యాసం ఎన్నిసార్లు ఉదహరింపబడిందన్న అంకె, అది ఎంతమందికి చేతి పనిముట్టుగా ఉపయోగపడిందో చెబుతుంది. అది ఆలోచనను ఎంత మలుపు తిప్పిందో చెప్పదు. పైగా పనిముట్టు మరీ అలవాటైపోతే దాని మూలాన్ని ఉదహరించడం కూడా మానేస్తారు. 1959లో బార్ట్‌లెట్ అనే శాస్త్రవేత్త ఫిస్కే-సుబ్బారో పద్ధతిని కొంచెం మార్చి ఫాస్ఫోలిపిడ్లకు వాడుకునే తీరు చూపించాడు. ఆ వ్యాసమూ విస్తృతంగా ఉదహరింపబడింది. తర్వాతివారిలో చాలామంది బార్ట్‌లెట్‌ను చెప్పి ఊరుకున్నారు. మరికొన్నాళ్లకు రీయేజెంట్లు కిట్లుగా అమ్మకానికి వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. ఎవరూ ఎవరినీ చెప్పనవసరం లేకుండా పోయింది. ఒక పని పూర్తిగా లోకం సొంతమైందనడానికి అది గుర్తు. ఆ రోజు నుంచే దాని సైటేషన్లు తగ్గుతాయి.

లెక్కపెట్టే విధానంలో ఇంకొక ఇరుకు ఉంది. పరిశోధన వ్యాసాలను సైటేషన్ల తీగ పట్టుకుని వెతకవచ్చన్న ఆలోచన ఫిలడెల్ఫియాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్‌ది. అమెరికా లాయర్లు ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ పేర్కొన్నాయో చూసుకోవడానికి వాడే పుస్తకాల నుంచి ఆయనకది తట్టింది. 1955లో దాన్ని 'సైన్స్'లో ప్రతిపాదించి, 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఆయన ముఖ్యోద్దేశం పరిశోధకుడికి కావలసిన వ్యాసం దొరికేలా చూడటం. మనిషిని తూకం వేయడం కాదు. ఆ అచ్చు సంపుటాల్లో ఉదహరింపబడిన వ్యాసాలను మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. దాంతో 1925 నాటి వ్యాసానికి వచ్చిన వేలాది సైటేషన్లన్నీ 'ఫిస్కే, సి. హెచ్.' కింద చేరాయి. సుబ్బారావు పేరు తెరిచి చూస్తే అవి కనిపించవు. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో రోజూ పలికే జంట పేర్లలో రెండోది, లెక్కల పుస్తకంలో మాత్రం లేదు. కంప్యూటర్ల కాలంలో ఈ లోపం చాలావరకు సరిదిద్దుకున్నారు. అప్పటికే ఆయన పోయి దశాబ్దాలు గడిచాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. గార్ఫీల్డ్ ప్రతిపాదన వెలువడేనాటికి ఏడేళ్లయింది.

హెచ్-ఇండెక్స్‌తో చూసినా అంతే. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హె హిర్ష్ దీన్ని ప్రతిపాదించాడు. ఒకరి వ్యాసాల్లో 20 వ్యాసాలకు తలా 20 లేదా అంతకంటే ఎక్కువ సైటేషన్లు ఉంటే ఆయన హెచ్-ఇండెక్స్ 20. తేలిగ్గా అర్థమయ్యే కొలత కాబట్టి అందరికీ నచ్చింది. కాని ఒక్క వ్యాసం వేలసార్లు ఉదహరింపబడినా ఈ లెక్కలో దాని వంతు ఒకటే. పద్ధతి ప్రకారం ఏటా నాలుగు సాధారణ వ్యాసాలు రాసుకుంటూ పోయినవారికి దీనివల్ల మేలు. ఒకే ప్రశ్న పట్టుకుని పదేళ్లు కూర్చున్నవారికి ఇది చాలదు.

లెడర్లీలో సుబ్బారావు చేసిన పని దగ్గరికి వస్తే లెక్క ఇంకా పలచబడుతుంది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరక్క 1940లో ఆయన అక్కడికి వెళ్లారు. ఎనిమిదేళ్లే ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లలో ఫోలిక్ యాసిడ్ తయారైంది. దాన్ని తలకిందులు చేసినట్లుగా, శరీరంలో ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే పదార్థాలు తయారయ్యాయి. వాటిలో అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. తాత్కాలికమే అయినా, ఆ జబ్బు మందుకు వంగుతుందని లోకానికి తెలిసిన సందర్భం అది. 1948 జూన్‌లో వచ్చిన ఆ వ్యాసం క్యాన్సర్ చికిత్స చరిత్రలో మైలురాయి. రచయితలు ఐదుగురు. ఐదుగురూ బోస్టన్ వైద్యులే. సుబ్బారావు ఆ పేర్లలో లేరు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ పిల్లల రక్త క్యాన్సర్‌కే కాదు, కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడా మన ఊళ్లలో డాక్టర్లు రాస్తున్నారు.

ఆరియోమైసిన్ సంగతీ అంతే. మిస్సోరి నుంచి వచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ దొరికింది. దాన్ని పట్టుకున్న బెంజమిన్ డగ్గర్ అప్పటికి 70 దాటిన విశ్రాంత ఆచార్యుడు. ఆ వయసులో ఆయన కృషి చేసిన చోటు సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ. 1948లో వెలువడిన వ్యాసం మీద పేరు డగ్గర్ ఒక్కరిదే. అది న్యాయమే. చేసినవాడి పేరు పెట్టారు. చేయించినవాడు తన పేరు కలుపుకోలేదు. అధికారంలో ఉన్నవారు చేయి పెట్టని పనికి కూడా పేరు పెట్టించుకునే రోజుల్లో ఈ ఒక్క సంగతి చాలు ఆయన ఎటువంటి మనిషో చెప్పడానికి. పేర్ల వరసలో ఆయన చివర కనిపించేది ఫైలేరియా మందు హెట్రజాన్ మీద 1947లో వచ్చిన వ్యాసంలో. ఆ మందును మనం డీఈసీ అంటాం. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సిబ్బంది మింగించిన మాత్రల్లో అదొకటి. గోదావరి డెల్టాలో బోదకాలు తరతరాల బాధ. ఆ డెల్టాలో పుట్టినవాడు పెర్ల్ రివర్‌లో కూర్చుని చేయించిన పని, మాత్రగా మళ్లీ ఆ ఊళ్లకే చేరింది. ఆరోగ్య కార్యకర్త ఎదుట నీళ్లతో ఆ మాత్ర మింగిన లక్షలమంది ఆయనకు పడిన రుణం ఏ సైటేషన్ ఇండెక్స్‌లోనూ నమోదు కాదు.

ఇక వెలుగు చూడకుండా పోయిన పని కూడా ఉంది. సుబ్బారావు హార్వర్డ్‌లో ఉన్న రోజుల్లో అదే బయోకెమిస్ట్రీ విభాగంలో చదివి, తర్వాత 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఈ మాట చెప్పాడు. సుబ్బారావు వేరు చేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందట. ఫిస్కే ఆ ఫలితాలను బయటికి రానివ్వకపోవడమే కారణమని, అందుకు అసూయే మూలమై ఉంటుందని ఆయన అభిప్రాయం. ఫిస్కే మనసులో ఏముందో ఇప్పుడు తేల్చలేం. కాని అచ్చు కాని వ్యాసానికి సైటేషన్ రాదన్నది మాత్రం తిరుగులేని మాట. అటువంటి పనిని ఏ డేటాబేసూ వెతికి పట్టుకోలేదు. పక్క బల్ల దగ్గర పనిచేసిన మనిషి నోరు విప్పితేనే అది తెలుస్తుంది. సుబ్బారావు విషయంలో ఎస్.పి.కె. గుప్తా రాసిన జీవితచరిత్ర, హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్పా మిత్ర భార్గవ రాసిన వ్యాసం వంటివి ఆ పని చేశాయి.

ఇదంతా పాత కథ అనుకోవడానికి వీల్లేదు. 2015లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, వైద్య కళాశాలల అధ్యాపకుల ప్రమోషన్లకు పరిశోధన వ్యాసంలో మొదటి ఇద్దరు రచయితలనే పరిగణించాలని నిబంధన పెట్టింది. పేరు ఊరికే తగిలించుకునేవారిని ఆపాలన్నది దాని ఉద్దేశం కావచ్చు. ఆ ఉద్దేశం మంచిదే. కాని ఆ కొలబద్ద పెడితే 1945 నాటి ఫోలిక్ యాసిడ్ వ్యాసం, 1947 నాటి హెట్రజాన్ వ్యాసం రెండూ సుబ్బారావుకు సున్నా మార్కులే ఇచ్చేవి. తర్వాత ఆ నిబంధన సడలించారు. అయినా పీజీ విద్యార్థి థీసిస్ మీద మొదటి పేరు ఎవరిదన్న తగువులు కళాశాలల్లో సాగుతూనే ఉన్నాయి. లెక్క ఎటు మొగ్గితే మనుషులూ అటే మొగ్గుతారు. పేపర్ల సంఖ్యకు మార్కులు పెడితే డబ్బు తీసుకుని అచ్చువేసే జర్నళ్లు పుట్టుకొస్తాయి. పరిశోధన చేయడానికి తీరిక లేని, పరికరాలు లేని జిల్లా స్థాయి వైద్య కళాశాలలో రోజుకు వందమంది ఔట్‌పేషెంట్లను చూసే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను పేపర్లు ఏవని అడిగితే ఆయన ఏం చేస్తాడు? నిజాయితీపరుడైతే ప్రమోషన్ వదులుకుంటాడు. అటువంటివారు మన మధ్య ఉన్నారు. వారి గురించి ఏ జాబితా రాదు.

తెలుగువారికి పేర్లతో మరో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పడమటి సూచికలకు చివరి మాటే ఇంటిపేరు. అందుకే యల్లాప్రగడ అన్న ఇంటిపేరు 'వై' అనే పొడి అక్షరమైపోయి, సుబ్బారావు అన్నది ఇంటిపేరై కూర్చుంది. దాన్నీ ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాయడంతో ఒకే మనిషి ఇద్దరు ముగ్గురుగా కనిపిస్తాడు. ఇటు కె. రావులు, ఎస్. రెడ్డిలు పదులమంది ఒక్కరిగా కలిసిపోతారు. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ చిక్కును చాలావరకు తీరుస్తోంది. పరిశోధనలోకి అడుగుపెట్టే ప్రతి తెలుగు విద్యార్థీ మొదటి రోజే తీసుకోవలసిన సంఖ్య అది. డబ్బు కట్టక్కర్లేదు.

పేర్ల వరసకు కూడా దారి దొరికింది. ఎవరు ఆలోచన ఇచ్చారు, ఎవరు ప్రయోగం చేశారు, ఎవరు పర్యవేక్షించారు, ఎవరు రాశారు అని 14 రకాల పాత్రలుగా విడదీసి వ్యాసం చివర ప్రకటించే పద్ధతిని ఇప్పుడు చాలా జర్నళ్లు పాటిస్తున్నాయి. ఆ రోజుల్లో అదే ఉంటే ఏడో పేరు పక్కన ఆయన పాత్ర ఏమిటో రాసి ఉండేది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి మనిషిని అంచనా వేయవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు, సంపాదకులు కలిసి ఒక ప్రకటన రూపొందించారు. హైదరాబాద్ కేంద్రంగా వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ దాని మీద సంతకం చేసింది. మన రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఆదర్శం కోసం అంత దూరం వెతకనక్కర్లేదు.

చేయవలసింది పెద్దగా లేదు. అధ్యాపక పదవికి వచ్చిన అభ్యర్థిని ఎన్ని పేపర్లని అడగడం మాని, తాను ముఖ్యమనుకున్న మూడు వ్యాసాలు ఎంచి ఇమ్మనాలి. ప్రతిదానిలో తన వంతు ఏమిటో సొంత మాటల్లో ఒక పేజీ రాయమనాలి. ఎంపిక కమిటీ సభ్యులు వాటిని ముందే చదివి రావాలి. ఇంటర్వ్యూలో ఆ మూడింటి గురించే అడగాలి. ఈ రంగు ఎందుకు ఆలస్యంగా వచ్చింది, ఆ రోగుల్లో మందు పనిచేయనివారి సంగతేమిటి, ఈ పనిలో మీకు తోడ్పడినవారు ఎవరు అని. చేసినవాడికీ చేయనివాడికీ తేడా అక్కడే తేలిపోతుంది. దీనికి కమిటీకి ఒక పూట ఎక్కువ పడుతుంది. ఎంపికైన మనిషి ఆ కళాశాలలో పాతికేళ్లు పాఠం చెబుతాడు, రోగులను చూస్తాడు, విద్యార్థుల థీసిస్‌ల మీద సంతకం పెడతాడు. ఆ పూట వెచ్చించడం కష్టమేమీ కాదు.